అరకు కొండల బడిలో అభ్యసన ఇబ్బందులు: ఉపాధ్యాయ శిక్షణపై ఒక భాషాదృష్టి విమర్శ

వ్యాససంగ్రహం:

చదవడంలో, రాయడంలో, లెక్కలు చేయడంలో, ధ్యాస నిలపడంలో ఇబ్బంది పడే పిల్లలను ఉపాధ్యాయుడే మొదట గుర్తించాలని చట్టాలూ విద్యావిధానాలూ నిర్దేశిస్తున్నాయి. అయితే ఇంటిభాష ఒకటి, బడిభాష మరొకటి అయిన అరకు లోయ, తూర్పు కనుమల గిరిజన గూడేల్లో ఈ గుర్తింపు మైదాన ప్రాంతంలో జరిగినంత సూటిగా జరగదు. తెలియని భాష వల్ల వెనుకబడిన బిడ్డనూ, నిజమైన అభ్యసన ఇబ్బంది గల బిడ్డనూ వేరుచేసి చూడగల చూపు నేటి శిక్షణలో కొరవడిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పరిభాష, చట్టం, తెలుగు లిపి స్వభావం, గిరిజన భాషల విద్యాచరిత్ర అనే నాలుగు కోణాల నుంచి ఈ ప్రతిపాదనను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అభ్యసన ఇబ్బంది, అవధానం, గిరిజన విద్య, మాతృభాష, ఉపాధ్యాయ శిక్షణ, అరకు లోయ, గిడుగు రామమూర్తి.

1. ఉపోద్ఘాతం:

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో అరకులోయ, అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట, పెదబయలు, ముంచింగిపుట్టు మండలాలు ఎగువ కొండల మీద ఉన్నాయి. కొండదొర, భగత, కోటియ, పోర్జ, గదబ, వాల్మీకి, ఖోండు మొదలైన తెగలవారు ఇక్కడ నివసిస్తారు. వీరి మాటల్లో మూడు భాషాకుటుంబాలు కలుస్తాయి. కువి, కొండ భాషలు ద్రావిడ కుటుంబానికి చెందినవి. సంతల్లో తెగలన్నిటి మధ్య వారధిగా నిలిచే ఆదివాసీ ఒడియా ఇండో-ఆర్య భాష. గదబల్లో ఒక శాఖవారి గుతోబు, ఉత్తరాన సవరల భాష ముండా శాఖకు చెందినవి.

ఈ కొండల మీది ఒక ఏకోపాధ్యాయ పాఠశాలను ఊహించుకోవచ్చు. మూడో తరగతిలో ఇద్దరు పిల్లలు తెలుగు వాచకం తెరిచి ఒక్క వాక్యమూ చదవలేకపోతున్నారు. మొదటి బిడ్డ ఇంట్లో కువి భాషలో కథ మొదలుపెడితే చివరిదాకా తడుముకోకుండా చెబుతుంది. రెండో బిడ్డ తన సొంత భాషలో కూడా ప్రాస కలిసే మాటలను పోల్చలేదు, మూడు పేర్లు వరసగా చెబితే అదే వరసలో తిరిగి చెప్పలేదు. ఉపాధ్యాయుని హాజరుపట్టీలో మాత్రం ఇద్దరూ ఒక్కటే, 'చదవలేనివారు'. మొదటి బిడ్డకు కావలసింది భాషావారధి. రెండో బిడ్డకు ఆ వారధితో పాటు ప్రత్యేక బోధన కూడా కావాలి. ఈ తేడాను చూడగల ఉపాధ్యాయుణ్ణి తయారుచేస్తున్నామా అన్నదే ఈ వ్యాసంలోని కేంద్రప్రశ్న.

2. 'చదువు అబ్బదు': మాటలో దాగిన తీర్పు

ఏ సమాజమైనా వెనుకబడిన పిల్లలకు పెట్టే పేర్లలో ఆ సమాజపు విద్యాదృష్టి కనిపిస్తుంది. తెలుగులో మొద్దు, మట్టిబుర్ర, మందమతి అనే మాటలు బడిలో తరతరాలుగా వాడుకలో ఉన్నాయి. గిరిజన బాలల విషయంలో వీటికి 'వీళ్లకు చదువు అబ్బదు' అన్న మరో మాట తోడైంది. మొదటి మాటలు ఒక బిడ్డ మీద తీర్పు చెబుతాయి. చివరి మాట ఒక జాతి మొత్తం మీద తీర్పు చెబుతుంది.

ఈ జాతి తీర్పు వల్ల రెండు వైపులా నష్టం జరుగుతోంది. తెలివైన గిరిజన బిడ్డ తెలుగు రాని కారణంగా మందమతిగా లెక్కకు వస్తుంది. నిజంగా పఠన వైకల్యం ఉన్న గిరిజన బిడ్డ 'అందరిలాగే వెనుకబడింది' అన్న ముద్ర కింద ఎవరి కంటా పడదు. పట్టణంలో ఒక పిల్లవాడు మూడో తరగతికి వచ్చినా చదవలేకపోతే తల్లిదండ్రులు కారణం వెతుకుతారు. గూడెంలో ఆ కారణం వెతకకముందే అందరికీ తెలిసినట్లుగా ఉంటుంది.

శాస్త్ర పరిభాష కూడా సమస్యను పూర్తిగా తీర్చలేదు. 'అభ్యసన వైకల్యం', 'అవధాన లోపం' అన్న అనువాదపదాల్లో వైకల్యం, లోపం రెండూ బిడ్డలోనే ఉన్నాయన్న ధ్వని ఉంది. అందువల్ల ఈ పదాలను వదిలివేయాలనే వాదన సహజంగానే వస్తుంది. కాని 'వైకల్యం' అన్న మాటకు చట్టంలో హక్కులు ముడిపడి ఉన్నాయి. పరీక్షలో అదనపు సమయం, లేఖకుని సహాయం వంటివి ఆ మాట రాసిన ధ్రువపత్రం మీదనే లభిస్తాయి. కాబట్టి చట్టం దగ్గర 'వైకల్యం', తరగతి గదిలో 'ఇబ్బంది' అనే రెండంచెల వాడుక యుక్తమనిపిస్తుంది. ఏ మాట ఎక్కడ వాడాలో, ఎందుకు వాడాలో తెలియజేయడం కూడా శిక్షణలో భాగం కావాలి.

3. చట్టం చెప్పేది, కొండ మీద మిగిలేది

2009 నాటి విద్యాహక్కు చట్టం 24వ విభాగం ప్రతి బిడ్డ అభ్యసన సామర్థ్యాన్ని అంచనా వేసి, అవసరమైతే అదనపు బోధన చేయడం ఉపాధ్యాయుని విధిగా పేర్కొంది. 29వ విభాగం వీలైనంత వరకు మాతృభాషలో బోధన సాగాలని చెప్పింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తూ నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని అందులో చేర్చింది. పిల్లల్లో దీనిని వీలైనంత తొందరగా కనుగొని తగిన బోధనాచర్యలు చేపట్టాలని 16వ విభాగం విద్యాసంస్థలను ఆదేశిస్తుంది. అవధాన లోప, అతిచలన రుగ్మత మాత్రం ఆ 21 రకాల పట్టికలో ప్రత్యేకంగా లేదు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షించవలసిన 30 ఆరోగ్యస్థితుల్లో అభ్యసన ఇబ్బందితో పాటు దీనినీ చేర్చింది. ఒకే బిడ్డ ఆరోగ్యశాఖ పట్టికలో ఉండి, హక్కుల చట్టం పట్టికలో లేకపోవడం గమనించదగిన వైరుధ్యం.

2018 జనవరిలో కేంద్రం ప్రకటించిన మార్గదర్శకాలు మూడో తరగతిలో గాని, ఎనిమిదేళ్ల వయసులో గాని, ఏది ముందైతే అప్పుడు ఉపాధ్యాయులే తొలి పరిశీలన జరపాలని నిర్దేశించాయి. ఆ తర్వాత శిశువైద్యుని పరీక్ష, బుద్ధిలబ్ధి పరీక్ష, బెంగళూరు నిమ్‌హాన్స్ సంస్థ రూపొందించిన పరీక్షామాల ఉంటాయి. ఎనిమిదేళ్లు నిండిన పిల్లలకే ధ్రువపత్రం ఇస్తారు. ఈ గొలుసులో మొదటి కడియం ఉపాధ్యాయుడే. ఆ కడియం వదులైతే మిగతా గొలుసంతా వృథా.

మండల స్థాయిలో 'భవిత' కేంద్రాలు, సహిత విద్యా వనరుల ఉపాధ్యాయులు ఉన్న మాట నిజమే. కాని వారు ఒక మండలంలోని అన్ని గూడేలకూ, అన్ని రకాల వైకల్యాలకూ బాధ్యులు. రెండేళ్ల బి.ఇడి. పాఠ్యప్రణాళికకు 2014 నాటి నిబంధనలతో సహిత విద్య ఒక పత్రంగా చేరింది. 2019 ఆగస్టులో ప్రారంభమైన 'నిష్ఠ' శిక్షణలో కూడా దానికి చోటు దక్కింది. విషయం పాఠ్యప్రణాళికలో చేరడం ముందడుగే. అయినా ఆ పాఠంలోని బిడ్డ ఎవరు అనే ప్రశ్న మిగిలే ఉంది. ఆ బిడ్డ దాదాపుగా బడిభాషనే ఇంట్లో మాట్లాడే బిడ్డ. నిర్వచనాలు, లక్షణాల పట్టికలు, సూచనలు అన్నీ ఆ ఊహ మీదనే నిలబడ్డాయి.

4. పరాయి భాషలో పరీక్ష

అంతర్జాతీయంగా వాడే మనోవైద్య నిర్ధారణ గ్రంథం 2013 నాటి అయిదో కూర్పు, అభ్యసన వైకల్యాన్ని నిర్ధారించే ముందు కొన్ని కారణాలను తోసిపుచ్చాలని చెబుతుంది. చూపు, వినికిడి దోషాలు, బోధన సరిగా అందకపోవడం, సామాజిక ప్రతికూలతలతో పాటు బోధనాభాషలో తగిన పట్టు లేకపోవడం కూడా ఆ జాబితాలో ఉంది. అరకు కొండల బిడ్డకు ఈ కారణాల్లో చాలావరకు ఒకేసారి వర్తించే అవకాశం ఉంది. అంటే మైదానంలో చివరి అనుమానంగా ఉండే భాష, కొండ మీద మొదటి ప్రశ్న కావాలి.

ఇక్కడ ఒక అభ్యంతరానికి తావుంది. ఆ నియమాన్ని కచ్చితంగా పాటిస్తే గిరిజన బాలల్లో ఎవరికీ అభ్యసన వైకల్యం నిర్ధారణ కాదు, వారికి రావలసిన హక్కులూ రావు. ఈ అభ్యంతరం సబబైనదే. దీనికి పరిష్కారం నియమాన్ని సడలించడంలో లేదు, పరీక్షను బిడ్డ భాషలోకి తీసుకుపోవడంలో ఉంది. మాటలోని ధ్వనులను విడదీయడం, కలపడం, ప్రాసను పోల్చడం, చూసిన వస్తువుల పేర్లు వేగంగా చెప్పడం వంటి పనులకు లిపితో అవసరం లేదు. వాటిని కువిలోనైనా, కొండ భాషలోనైనా చేయించవచ్చు. మాతృభాషలో కూడా ఈ పనుల్లో బిడ్డ తడబడితే అప్పుడు అనుమానం బలపడుతుంది.

భారతీయ భాషల్లో పఠన వైకల్యాన్ని పరీక్షించే సాధనాల కోసం కృషి జరగలేదని కాదు. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో విడుదల చేసిన 'డాలి' పరీక్షామాల తొలిదశలో హిందీ, మరాఠీ, కన్నడ, ఆంగ్ల భాషల్లో వచ్చింది. రాష్ట్రభాషలకే సాధనాలు ఇంత ఆలస్యంగా సమకూరితే, ముద్రిత సాహిత్యం స్వల్పంగా ఉన్న కువి, కొండ, గుతోబు భాషల బిడ్డ సంగతి వేరే చెప్పనక్కరలేదు. సాధనం వచ్చేదాకా ఆ స్థానంలో నిలబడగలిగేది శిక్షణ పొందిన ఉపాధ్యాయుని చెవి ఒక్కటే.

2020-21 నుంచి ఆంధ్రప్రదేశ్ బడుల్లో ఒక పుట తెలుగు, ఎదురుపుట ఆంగ్లంగా ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. తెలుగు బిడ్డకు ఎడమపుట ఊతం, కుడిపుట కొత్త. కువి బిడ్డకు రెండు పుటలూ పరాయివే. ఇలాంటి పుస్తకం ముందు కూర్చున్న బిడ్డ మౌనాన్ని వైకల్యానికి గుర్తుగా తీసుకోవడం శాస్త్రీయం కాదు.

5. తప్పులు చెప్పే సంగతులు: లిపి కోణం

తెలుగు లిపిలో అక్షరం ధ్వనికి కాక ధ్వనిసముదాయానికి గుర్తు. ప్రతి హల్లుకూ గుణింతం, చాలా హల్లులకు భిన్నరూపంలో వత్తు ఉండడం వల్ల బిడ్డ గుర్తుపెట్టుకోవలసిన రూపాలు వందల్లోకి పెరుగుతాయి. తెలుగు లిపికి తోబుట్టువైన కన్నడ లిపి మీద సొనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం, అక్షరజ్ఞానం ఒకటి రెండేళ్లలో పూర్తికాదనీ, ప్రాథమిక తరగతుల్లో ఇంకా ముందుకు సాగుతుందనీ చూపింది. కనుక మూడో తరగతిలో వత్తులు రాకపోవడం ఒక్కటే ఆధారంగా బిడ్డ మీద వైకల్యపు అనుమానం మోపడం తొందరపాటు అవుతుంది. మార్గదర్శకాలు పెట్టిన వయసు, లిపి కోరే వ్యవధి రెండూ ఇక్కడ ఒకదానితో ఒకటి ఢీకొంటాయి.

తప్పు ఎంత అన్నదానికంటే తప్పు ఎలాంటిది అన్నది ముఖ్యం. 'భాష'ను 'బాష' అనీ, 'ధనం'ను 'దనం' అనీ రాయడం కువి, కొండ, సవర పిల్లల్లో సహజం. ఆ భాషల్లో ఒత్తక్షరాలకు అర్థభేదం చూపే శక్తి లేదు. వ్యవహారంలో ఒత్తులు పలకని తెలుగు పిల్లలూ ఇదే తప్పు చేస్తారు. ఇది భాషాగత దోషం. 'మ'కు 'య', 'థ'కు 'ధ' రాయడం రూపసామ్యం వల్ల తొలిదశలో అందరూ చేసే పొరపాటు. 'పలక'ను 'పకల' అనీ, 'కమలం'ను 'కలమం' అనీ అక్షరాల వరస మార్చడం, ఒకే మాటను ఒకే పుటలో మూడు విధాలుగా రాయడం, నెలలు గడిచినా, విడమరచి చెప్పినా ఆ తీరు మారకపోవడం మాత్రం ఆగి ఆలోచించవలసిన సూచనలు. ఆదివాసీ ఒడియా వేరే కుటుంబపు భాష గనుక ఆ పిల్లల తప్పుల తీరు మరోలా ఉండవచ్చు. అందువల్ల ఒకే లక్షణాల పట్టిక అన్ని గూడేలకూ సరిపోదు.

ఇటువంటి దోషవిశ్లేషణ భాషాశాస్త్ర విద్యార్థికి కొత్త కాదు. ఎర్రసిరాతో తప్పు కింద గీత గీసి వదిలేసే అలవాటున్న బడికి మాత్రం ఇది కొత్త.

6. ధ్యాస లేని బిడ్డ ఎవరు?

పశువుల వెంట కొండ ఎక్కి పొద్దుగూకేదాకా ఒక్క దూడను కూడా తప్పిపోనివ్వని బిడ్డ, బడిలో పది నిమిషాలు కూర్చోలేకపోతే అతనిలో అవధానం లేదని చెప్పలేం. అర్థంకాని మాటల ముందు ధ్యాస నిలవదని మాత్రమే చెప్పగలం. అవధాన సమస్యను నిర్ధారించడానికి లక్షణాలు రెండు లేదా అంతకంటే ఎక్కువ సందర్భాల్లో కనబడాలన్నది వైద్యశాస్త్ర నియమం. తరగతి గదిలో మాత్రమే కనిపించే చాంచల్యం తరగతి గది గురించే ఎక్కువ చెబుతుంది.

ఆశ్రమ పాఠశాలలో ఈ నియమాన్ని పాటించడం మరింత కష్టం. బిడ్డ ఇంటివద్ద ఎలా ఉంటుందో చెప్పే తల్లిదండ్రులు దూరంగా ఉంటారు. వసతిగృహ సంక్షేమాధికారి, వంటమనిషి, ఒకే గూడెం నుంచి వచ్చిన పెద్ద విద్యార్థి చెప్పే మాటలు ఇక్కడ సాక్ష్యాలు అవుతాయి. వారిని అడగాలన్న సంగతి శిక్షణలో చెప్పకపోతే ఉపాధ్యాయుడు తన గది దాటి చూడడు.

మన్యంలో శరీరస్థితిని కూడా విడిచి ఆలోచించలేం. మలేరియా, రక్తహీనత, సికిల్ సెల్ వ్యాధి, చీము కారే చెవి, నిద్రలేమి ఇవన్నీ బయటికి పరధ్యానంలాగే కనిపిస్తాయి. క్షణాలపాటు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే బిడ్డకు ఒకరకమైన మూర్ఛ ఉండవచ్చు. 'పరాకు' అన్న ఒక్క మాట కింద ఇన్ని కారణాలు దాగి ఉంటాయి. వీటిని ఆరోగ్యపరీక్ష ద్వారా ముందుగా తోసిపుచ్చడం ఉపాధ్యాయుడు వైద్యుడు కావడం కాదు. వైద్యుని దగ్గరికి ఎప్పుడు పంపాలో తెలుసుకోవడం.

7. గిడుగు చూపిన దారి, అందులోని విరామాలు

బిడ్డ భాషను ఉపాధ్యాయుడు నేర్చుకోవాలన్న ఆలోచన ఈ కొండలకు కొత్తది కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు వేంకట రామమూర్తి (1863-1940) సవర భాష నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు, నిఘంటువులు తయారుచేశారు. సవరల కోసం సొంత ఖర్చుతో బడులు తెరిపించి, వారి భాషలోనే చదువు చెప్పించారు. ఆయన సవర వ్యాకరణ గ్రంథం 1931లో, సవర-ఆంగ్ల నిఘంటువు 1938లో వెలువడ్డాయి. సవరల మధ్య తిరిగిన రోజుల్లో సోకిన విషజ్వరానికి క్వినైను వాడినందువల్ల ఆయనకు వినికిడి దెబ్బతిన్నదని జీవితచరిత్రలు చెబుతాయి. తెలుగు సాహిత్యచరిత్ర గిడుగును ప్రధానంగా వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగానే గుర్తు పెట్టుకుంది. బోధనారంగంలో ఆయన చేసిన పని అంతకంటే తక్కువది కాదు. నిజానికి ఆ రెండు ఉద్యమాలూ ఒక్కటే. బిడ్డకు రాని భాషలో బిడ్డను పరీక్షించడం అన్యాయమన్నదే రెంటి సారం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004లో సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా అనే ఎనిమిది భాషల్లో, తొలుత 240 పాఠశాలల్లో, మాతృభాష ఆధారిత బహుభాషా విద్యను ప్రారంభించింది. తెలుగు లిపిలో ఆయా భాషల వాచకాలు వచ్చాయి. అభ్యసన ఇబ్బందుల కోణం నుంచి చూస్తే దీనికి ఇంకొక ప్రయోజనం ఉంది. మాతృభాషలో చదవడం నేర్పితే, భాష వల్ల వెనుకబడిన పిల్లలు ముందుకు సాగుతారు. అప్పటికీ ఆగిపోయిన బిడ్డ స్పష్టంగా కనిపిస్తుంది. మాతృభాషా బోధన ఒక విధంగా పరీక్ష కూడా. అయితే బహుభాషా విద్య ఒక విభాగం పని, సహిత విద్య మరొక విభాగం పని అన్నట్లుగా విధానపత్రాలు వీటిని వేర్వేరు అధ్యాయాల్లో ఉంచాయి. 2020 జాతీయ విద్యావిధానం కూడా మాతృభాషను ఒకచోట, అభ్యసన వైకల్యాలను మరొకచోట చర్చించింది. అరకు బిడ్డ మాత్రం ఆ రెండు అధ్యాయాల మధ్య నిలబడి ఉంది.

షెడ్యూల్డు ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులన్నిటినీ స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000 జనవరిలో వచ్చిన 3వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వును సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది. అప్పటికే జరిగిన నియామకాలను షరతులతో కొనసాగనిచ్చింది. రాజ్యాంగపరమైన వాదోపవాదాలు ఎలా ఉన్నా, తరగతి గదిలో దీని ఫలితం ఒకటే. బిడ్డ భాష పుట్టుకతో తెలిసిన ఉపాధ్యాయుడు వస్తాడన్న హామీ ఇక లేదు. పుట్టుకతో రాని భాషను శిక్షణతో రప్పించవలసిన బాధ్యత అంతగా పెరిగింది.

8. శిక్షణ స్వరూపం: కొన్ని ప్రతిపాదనలు

రాష్ట్ర స్థాయి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి, అక్కడి నుంచి బడికి దిగే శిక్షణ, కొండ వాగులా కాక కాలువ చివరి నీరులా చేరుతుంది. చివరి పొలానికి తడి తప్ప పారకం ఉండదు. అంతర్జాల శిక్షణ ఈ లోపాన్ని కొంత తీర్చగలదు గాని, సెల్ సిగ్నల్ అందని గూడేలకు అదీ దూరమే. అందువల్ల శిక్షణలో చేర్చవలసిన అంశాలు ఇవి:

• ప్రతి ఉపాధ్యాయునికి తాను పనిచేసే గూడెం భాషలో కనీసం తరగతి నిర్వహణకు సరిపడే పరిచయం కల్పించాలి.

• ఒక్కొక్క బిడ్డ చేసే తప్పులను తేదీలతో నమోదుచేసే పుస్తకం పెట్టించాలి. భాషాగతం, లిపిగతం, నిలకడగా కొనసాగేది అని తప్పులను వర్గీకరించడం నేర్పాలి.

• మాతృభాషలో ధ్వనులను విడదీసే, కలిపే మౌఖిక పనులను ఆ భాష మాట్లాడే స్థానికుల సహాయంతో తయారుచేయాలి. థింసా అడుగుల లయకు మాటలోని అక్షరాలను విడగొట్టించడం ఒక ఉపాయం.

• లెక్కల్లో ఇబ్బందిని పలక మీద మాత్రమే కాక సంతలో కూడా చూడాలి. సోల, తవ్వ, కుంచాలతో రాజ్‌మా గింజలు కొలిచి సరిగా చిల్లర లెక్కకట్టే బిడ్డకు అంకెల గుర్తులతోనే ఇబ్బంది కావచ్చు.

• తల్లిదండ్రులతో సమావేశాలు సంత రోజున, వారికి వచ్చిన భాషలో జరపాలి.

• శిక్షణ ముగిశాక వనరుల ఉపాధ్యాయుడు బడికే వచ్చి, ఆ బిడ్డ పక్కన కూర్చుని, చేసి చూపాలి.

వీటిలో ఏదీ అభ్యసన ఇబ్బంది గల పిల్లలకు మాత్రమే పనికివచ్చేది కాదు. చిన్నచిన్న పనులుగా విడగొట్టిన పాఠం, కంటితో చూసి చేతితో తాకి నేర్చుకునే అక్షరం, మధ్యలో లేచి తిరిగే వీలు అందరు పిల్లలకూ మేలుచేస్తాయి. నిర్ధారణ ఆలస్యమైనా సహాయం ఆలస్యం కానక్కరలేదు. ధ్రువపత్రం కోసం ఎనిమిదేళ్లు నిండాలి. మంచి పాఠం కోసం నిండనక్కరలేదు.

9. ముగింపు:

అభ్యసన, అవధాన ఇబ్బందుల గురించి ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలన్న విషయంలో నేడు భిన్నాభిప్రాయం లేదు. ఆ శిక్షణ ఏ బిడ్డను దృష్టిలో పెట్టుకొని రూపొందిందన్న విషయంలోనే విమర్శకు చోటుంది. తూర్పు కనుమల్లో భాషను పక్కనపెట్టి అభ్యసన ఇబ్బందిని గుర్తించడం సాధ్యం కాదు. భాష ఒక్కటే కారణమని సరిపెట్టుకుంటే నిజంగా ఇబ్బందిలో ఉన్న బిడ్డకు న్యాయం జరగదు. ఈ రెండు పొరపాట్లలో మొదటిది తెలివైన బిడ్డ ఆత్మవిశ్వాసాన్ని దెబ్బతీస్తుంది, రెండోది సహాయం కావలసిన బిడ్డకు అది అందే వయసును దాటిస్తుంది. రెంటినీ తప్పించగల మార్గం ఉపాధ్యాయుడు బిడ్డ మాట వినడంతో మొదలవుతుంది. గిడుగు సవర గూడేల్లో చేసిన పని అదే. నేటి శిక్షణ ఆ పనిని అక్కడి నుంచి కొనసాగించవలసి ఉంది.